పొద్దున చెప్పాల్సిన మాట

మొన్న ఇద్దరు ఆడపిల్లలు నన్ను చూడటానికి వచ్చారు. ఇద్దరూ నర్సులు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒకమ్మాయి ముంజేతికి కట్టు ఉంది. రోగి తమ్ముడెవడో చెయ్యి పట్టుకొని మెలితిప్పాడట. ఎందుకమ్మా అని అడిగితే, "మేమేం చెయ్యలేదు మేడమ్, ఊరికే మీదికొచ్చాడు" అంది. రెండో అమ్మాయి నిట్టూర్చి, "మీ కాలంలో ఇట్లాంటివి లేవు కదా. అప్పట్లో నర్సమ్మ అంటే దేవతతో సమానం" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ దేవత ముఖాన ఉమ్మినవాళ్ళను చూశాను. సారాయి తాగి వచ్చి కొంగు పట్టుకున్నవాళ్ళను చూశాను. జ్వరం మత్తులో ఒకామె కొరికిన గాటు నా బొటనవేలి మీద ఇప్పటికీ ఉంది. ఆ పిల్లలకు కాఫీ ఇచ్చి, నా కొత్తలో మా పెద్ద నర్సు మీద పడిన దెబ్బ సంగతి వాళ్ళకు చెప్పాను. చెప్పానన్న మాటే గానీ, అందులో ఒక ముక్క మింగేశాను. వాళ్ళు వెళ్ళిపోయాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇంత వయసొచ్చాక కూడా ఇదేం పిరికితనం? అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇక్కడ ఏమీ మింగను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త. తిరుపతికీ చిత్తూరికీ నడుమ ఒక ఊళ్ళో ఆసుపత్రి. ఏ ఊరో చెప్పను, ఆ మనుషుల పిల్లలూ మనుమలూ ఇంకా అక్కడే ఉన్నారు. మా నాయన వడమాలపేట దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయన మాట మీద మద్రాసు పోయి నర్సు చదువు చదివి వచ్చాను. ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. ఇంకా ఖాయం కాలేదు. చిన్న తప్పు దొరికినా ఇంటికి పంపేవాళ్ళు. ఆ భయం నాకు పొద్దున లేచింది మొదలు ఉండేది.

ఆడవాళ్ళ వార్డులో ముప్పై మంచాలు. మాతో పనిచేసిన నర్సులు కొందరు మిలిటరీ ఆసుపత్రులకు పోయి తిరిగి రాలేదు, వాళ్ళ చోట ఎవరినీ వెయ్యలేదు. మిగిలింది నేను, ఒక ఆయా, మా పెద్ద నర్సు. ఆమెను నేను అక్కా అనేదాన్ని. నగరి మనిషి, నేతపని చేసే ఇంటి నుంచి వచ్చింది. నలభై దాటాయి. గొంతు పెద్దది. వార్డు ఆ చివర నుంచి "ఏమ్మే!" అని కేకేస్తే నా చేతిలో ఉన్నది జారిపడేది. నేను అన్నం తినలేదని తెలిస్తే మాత్రం తిట్టుకుంటూనే తన గిన్నెలోది సగం నా ముందుకు తోసేది.

పెద్ద డాక్టరు మంచి పనిమంతుడు. కత్తి పట్టుకుంటే చెయ్యి వణకదు. పొద్దున ఒక గంట వార్డులో తిరిగేవాడు, తర్వాత ఆపరేషన్లు, మధ్యాహ్నం పల్లెల్లో టీకాల క్యాంపులు. ఆయన ఉన్న గంటసేపూ రోగుల మనుషులు చేతులు కట్టుకొని నిలబడేవాళ్ళు. ఆయన గేటు దాటగానే ఆ చేతులు విడేవి. అడగాల్సినవన్నీ, అనాల్సినవన్నీ మాకే. ఎవరో మీదికొచ్చారని చెప్పుకుంటే, "ఇదంతా మన పనిలో భాగమమ్మా" అనేవాడు. ఆయన మీదికి ఎవరూ వచ్చింది లేదు లెండి.

ఇంకొకటి చెప్పాలి. ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళు రాకూడదు, సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా తప్ప. గేటు దగ్గర వేలాడదీసిన రైలు పట్టా ముక్కను వాచ్‌మన్ కొడితే లోపలికి వదిలేవాళ్ళు. మిగతా పగలంతా మొగుళ్ళూ తండ్రులూ బయట కానుగచెట్టు కింద కూర్చోవాలి. ఎర్రటి ఎండలో, ఏమీ తెలియకుండా. మేము మందుల గదికి పోయేటప్పుడు ఆ చెట్టు పక్కగా పోవాలి. "అమ్మా, ఎట్లుండాది?" అని అందరూ ఒక్కసారి లేచేవాళ్ళు. "బాగుండాది పో" అనేవాళ్ళం. బాగున్నా అదే మాట, బాగలేకున్నా అదే మాట. రోగం సంగతి డాక్టరు తప్ప ఇంకెవరూ చెప్పకూడదని మాకు కట్టడి. డాక్టరేమో చెప్పేవాడు కాదు.

దానికి ఆయన కారణం ఆయనకుంది. పల్లెవాళ్ళకు ప్రాణం ఇంట్లోనే పోవాలి, తనవాళ్ళు నోట్లో నీళ్ళు పోస్తుండగా పోవాలి. బయట పోయిన మనిషిని మళ్ళీ ఇంట్లోకి తీసుకుపోరు, వాకిట్లోనే పడుకోబెడతారు. అందుకని, ఆశ లేదని చెవిన పడగానే బండి కట్టేవాళ్ళు. అట్లా తీసుకుపోయిన వాళ్ళలో ఒకామె బతికేదే, దారిలో కుదుపులకు పోయింది. అప్పటి నుంచి, "ఎవరికీ ఏమీ చెప్పొద్దు" అని ఆయన కట్టడి చేశాడు.

ఆ ఏడు బెల్లం వండే రోజుల్లో ఒకామెను ఎద్దులబండిలో తెచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయి. పేగు మెలిపడింది. ఆ పూటే డాక్టరు కడుపు కోసి సరిచేశాడు. మొగుడు చెరకు గానుగ దగ్గర పనిచేసేవాడు. బక్కపల్చని మనిషి, మాట మెత్తన. రెండేళ్ళ ఆడబిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చాడు. వాళ్ళ పల్లె రెండు కోసుల దూరం, అంటే నాలుగైదు మైళ్ళు.

పేగు ఆపరేషనయిన మనిషికి నోటి వెంట చుక్క నీరు పోయకూడదు. తొడల్లోకి సూదులు గుచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించేవాళ్ళం. నోరు ఎండిపోతుంటే పత్తి తడిపి పెదవులు తుడిచేవాళ్ళం. ఆమె రోజంతా "నీళ్ళు, నీళ్ళు" అనేది. ఆ మాట కిటికీలో నుంచి చెట్టు కిందికి వినిపించేది. దాహమన్న మనిషికి నీళ్ళివ్వని ఆడవాళ్ళం మేము. బయట కూర్చున్న వాళ్ళకు మేమెట్లా కనిపించి ఉంటామో అప్పుడు ఆలోచించలేదు.

రెండో రోజు ఆయన నన్ను ఆపి, ఆకులో చుట్టిన కొత్త బెల్లం చేతిలో పెట్టాడు. "ఇంకా వెచ్చగుండాది నర్సమ్మా, తిను. మా ఆడమనిషిని రొంత బాగా సూసుకో" అన్నాడు. తీసుకోకూడదు. తీసుకున్నాను. నర్సు గది అలమరలో, కట్లు కట్టే గాజుగుడ్డ చుట్టల వెనక దాచుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆమె కడుపు ఉబ్బింది. నాడి చేతికి అందీ అందనట్టుంది. కళ్ళు లోపలికి పోయాయి. పెన్సిలిన్ అన్నది అప్పటికి మేము పేరు మాత్రమే విన్న మందు. డాక్టరు చూసి, అక్కను పక్కకు పిలిచి, "ఈ రోజు దాటదు. వాళ్ళకేమీ చెప్పొద్దు. నేను సాయంత్రం వచ్చి చెబుతాను" అన్నాడు. తర్వాత క్యాంపుకు వెళ్ళిపోయాడు.

అక్క ఒక్క నిమిషం నిలబడి, నన్ను పిలిచింది. పక్క గదిలో కాన్పు కష్టమవుతున్న మనిషి ఉంది, అక్క అక్కడికి పోవాలి.

"నువ్వు పోయి ఆ మనిషికి సెప్పు" అంది.

"డాక్టరు గారు వద్దన్నారు గదక్కా?"

"అన్నాడు. సాయంత్రానికి ఆమె ఉండదు. ఆయన వచ్చి ఇంకేం సెప్తాడు? నువ్వు సెప్పు. బిడ్డను తెచ్చి సూపించుకోనీ. బండెక్కిస్తే దావలోనే పోతుందని కూడా సెప్పు, ఇంటాడు, మంచోడు. గంట కొట్టకపోయినా సరే, లోపలికి పిల్చుకోని వచ్చి పక్కన కూర్చోబెట్టు. పత్తి తడిపి ఆయన సేతికియ్యి. ఎవరన్నా అడిగితే నేను సెప్పమన్నానని సెప్పు, మాట నామీదికి రానీ."

సరేనన్నాను. చెట్టు దగ్గరికి పోయాను. నన్ను చూడగానే ఆయన లేచి, ముఖం నిండా నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నర్సమ్మా, రేత్రంతా బిడ్డను కలవరిస్తా ఉండిందంట, మీ ఆయా సెప్పింది. తెచ్చి సూపించేదా? ఇప్పుడు పోతే మద్యాన్నానికంతా వచ్చేస్తా."

ఇంతకంటే సుళువుగా ఎవరు దారి చూపిస్తారు? "తీసుకొని రా అన్నా" అంటే చాలు. ఆ మాట అనలేదు. ఆయన ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు. డాక్టరుకు తెలిస్తే ఉద్యోగం పోతుందన్న భయం ఒక పక్క. ఆయన పెట్టిన బెల్లం అలమరలో ఉంది, అది ఒక పక్క. అలవాటైన మాటే నాలుక మీదికి వచ్చింది.

"బాగుండాది అన్నా. బిడ్డను ఎందుకు తిప్పుతావు ఎండలో? రెండు దినాల్లో నువ్వే ఇంటికి పిల్చుకోని పోవచ్చు."

ఆయన రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు.

కాన్పు గది వాకిట్లో అక్క చేతులు కడుక్కుంటూ, "సెప్పినావా?" అని అడిగింది. తల ఊపాను. "ఏమన్నాడు?" అంది. "ఏమీ అనలేదక్కా, సాయంత్రం వస్తానన్నాడు" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. అప్పుడే లోపల నుంచి కేక వినిపించి పరుగెత్తింది.

నాలుగు గంటలకు రైలు పట్టా మోగింది. వాచ్‌మన్ గేటు తీసి, జనాన్ని వదిలి, కాఫీ తాగడానికి పోయాడు. రోజూ చేసే పనే. అరవై డెబ్బై మంది ఒకే వాకిలి గుండా వార్డులోకి వచ్చారు. ఆ వార్డుకు వాకిలి అదొక్కటే. ఆయన కొత్త తువ్వాలు భుజాన వేసుకొని, గ్రామఫోను పాట విన్నవాడిలా హుషారుగా వచ్చాడు. పెండ్లాము ముఖం చూసి ఆగిపోయాడు. పల్లె మనిషి, చావు ముఖం తెలియనివాడు కాదు. ఒక్కక్షణం నిలబడి, బయటికి పరుగెత్తి, కుళాయి దగ్గర ఇత్తడి చెంబు నింపుకొని వచ్చాడు.

ఆమెకు అప్పటికి తెలివి సగమే ఉంది. ఆయన ఆమె తల ఎత్తి చెంబు నోటికి పెట్టబోయాడు. అక్క పరుగున వచ్చి చెంబు పట్టుకుంది. "పొయ్యొద్దు అబ్బా, ఊపిరికి అడ్డం పడుతుంది. పత్తితో తడుపు, ఇదో" అంది. ఆయన వినలేదు. ఇద్దరి చేతుల్లో చెంబు అటూ ఇటూ ఊగింది, నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. అక్క అలసిపోయి ఉంది, పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా తాగలేదు. గొంతు పెంచింది.

"పొద్దన్నే సెప్పినాము గదయ్యా నీకు!"

ఆయన చెయ్యి ఆగింది. "ఏం సెప్పినారు?" అన్నాడు. మెల్లగానే అన్నాడు. "బాగుండాదని గదా సెప్పినారు. బిడ్డ ఎందుకని గదా అన్నారు."

అని నా వైపు చూశాడు. నేను రెండు మంచాల అవతల ట్రే పట్టుకొని నిలబడి ఉన్నాను. "అక్కా, నేను చెప్పలేదు" అని అరిచి ఉంటే ఏమయ్యేదో. కాళ్ళూ చేతులూ ఆడలేదు అంటే ఎవరైనా నమ్ముతారు, నిజమే కూడా. కానీ అంతకంటే నిజం, చెప్పకూడదనే అనుకున్నాను.

ఆ పెనుగులాటలోనే ఆమె పోయింది. నోరు తడవలేదు. దిండు తడిసింది. ముందుగా చూసింది అక్కే. చెంబు వదిలేసి, ఆమె కళ్ళు మూయడానికి వంగింది. ఆయన గొంతులో నుంచి ఒక కేక వచ్చింది. చెంబు ఎత్తి అక్క తల మీద కొట్టాడు. ఎడమ చెవి మీద తగిలింది. ఆమె మంచం కోడు పట్టుకొని కూలబడింది. మరోసారి ఎత్తాడు గానీ, దించలేక, చెంబు పారేసి అక్కడే కూర్చుని తల బాదుకున్నాడు.

"సెప్పింటే ఇంటికన్నా తీసకపోయిండేవాణ్ణి గదమ్మా! బిడ్డనన్నా సూసుకోని పోయిండేది గదమ్మా!"

వార్డులో అంతమంది ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. కొందరు ఆయన పక్కన చేరి మమ్మల్నే తిట్టారు. అక్క చెవిలో నుంచి రక్తం తెల్ల యూనిఫాం మీదికి కారుతుంటే నేనూ ఆయా లేపి నర్సు గదికి తీసుకుపోయాం. గాజుగుడ్డ కోసం అలమర తెరిచాను. చుట్టల నిండా చీమలు. బెల్లానికి పట్టినవే. అక్క అవి చూసింది, నన్ను చూసింది.

పోలీసులు ఆయన్ను తీసుకుపోయారు. మర్నాడే అక్క తలకు కట్టుతో పోయి, ఫిర్యాదు లేదని చెప్పి విడిపించింది. డాక్టరుకు కోపం వచ్చింది. కొట్టినవాణ్ణి వదిలేశారు కాబట్టి ఇక మిగిలింది దెబ్బ తిన్నామె. ఆమెను సంజాయిషీ రాసిమ్మన్నారు. రోగి బంధువుతో ఎందుకు పెనుగులాడావు, "పొద్దున్నే చెప్పాం" అని నోరెందుకు జారావు, నా మాట కాదని చెప్పావా, చెబితే ఏం చెప్పావు?

విచారణ రోజు ఆఫీసు గదిలో నేనూ ఉన్నాను. డాక్టరు నన్నే ముందు అడిగాడు: "ఆ మనిషితో ఎవరు మాట్లాడారు?" నోరు తెరిచాను. మాట రాకముందే అక్క అందుకుంది.

"నేను సార్. సెప్పాలనుకుని, కాన్పు కేసులో పడి మరిసిపోయినాను. సెప్పినానని బ్రమపడి ఆ మాట అన్నాను. ఈ పిల్లకేమీ తెలీదు."

డాక్టరు నన్ను చూసి, "అంతేనా?" అన్నాడు.

"అంతే సార్" అన్నాను.

ఆ రెండు మాటలకు నా ఉద్యోగం నిలిచింది. ఆ ఏడే ఖాయమైంది. అక్కను తడ వైపు ఒక చిన్న వైద్యశాలకు బదిలీ చేశారు. రావలసిన పెద్ద పదవి ఇక రాలేదు. మా ఆసుపత్రిలో వచ్చిన మార్పు ఒకటే. నాలుగు నుంచి ఐదు దాకా ఉన్న గంటను నాలుగున్నరకే ముగించారు. చెట్టు కింద కూర్చునే వాళ్ళు ఇంకో అరగంట ఎక్కువ కూర్చున్నారు.

రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఆ రెండేళ్ళూ చెట్టు పక్కగా పోవలసి వస్తే తల వంచుకొని పోయాను, బెల్లం నోట పెట్టలేదు. చివరకు ఒక సెలవు రోజు రైలెక్కి తడకు పోయాను. మధ్యాహ్నం. రోగులు వెళ్ళిపోయారు. అక్క అరుగు మీద కూర్చొని ఉతికిన కట్లు చుడుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి, "ఏమ్మే, సన్నబడినావు! తిన్యావా?" అంది. గొంతు అంతే పెద్దది.

పక్కన కూర్చొని, నేనూ ఒక కట్టు అందుకొని చుట్టడం మొదలుపెట్టాను. తలెత్తకుండా చెప్పేశాను. చెట్టు కింద ఏమన్నానో, బెల్లం సంగతి, ఆఫీసు గదిలో "అంతే సార్" అన్నప్పుడు నాలో కలిగిన సంతోషం, అది కూడా. చెబుతుంటే ఏడుపొచ్చింది. చెప్పడం అయిపోయింది. అక్క కట్టు చుడుతూనే ఉంది.

కాసేపటికి తల తిప్పి నన్ను చూసింది. "ఏడుస్తా ఉండావే? ఏమన్నా సెప్పినావా? ఆ పక్క ఇనపడదు గదా నాకు, తెలీదా? ఈ పక్కకు రా."

తెలుసు. ఎడమ చెవి పోయిందని నాకు తెలుసు. అరుగు మీద ఆమె కుడి పక్క చోటున్నా, వచ్చి ఎడమ పక్కనే కూర్చున్నాను. లేచి అటు పోయాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే చాలా కష్టమైంది. మొదటిసారి చెప్పింది ఆమెకు కాదు గదా.

అక్క అంతా విని, "తెలుసు" అంది. "సెంబు ఎత్తేముందర ఆయప్ప సూసింది నన్ను కాదు, నిన్ను. నాకు అప్పుడే తెలిసింది."

"మరి నిన్నెందుకు కొట్టినాడక్కా?"

"నేను దగ్గర ఉండాను. నువ్వు దూరంగా ఉండావు" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

"నన్ను కొట్టక్కా" అన్నాను. నిజంగానే అన్నాను.

"కొడితే నీకు సుకంగా ఉంటుంది. నేను కొట్టను." చుట్టిన కట్టు పక్కన పెట్టింది. "ఆ పొద్దు ఆయప్పకు ఏం సెప్పమన్నాను నిన్ను? ఇప్పుడు సెప్పు. నేనే ఆయప్పను అనుకో. లేసి నిలబడినాను, నగుతా ఉండాను, బిడ్డను తెచ్చేదా అంటా ఉండాను. సెప్పు."

మొదటిసారి "అన్నా" దగ్గరే ఆగిపోయాను. రెండోసారి "బాగు" అని వచ్చింది, నాలుక కరచుకున్నాను. అక్క కుడి చెవి నా వైపు పెట్టి, కళ్ళు మూసుకొని, కదలకుండా కూర్చుంది. మూడోసారి చెప్పాను.

"అన్నా, ఈ రోజు దాటదు. పోయి బిడ్డను తీసుకొని రా. వచ్చి ఆమె పక్కన కూర్చో."

అక్క కళ్ళు తెరిచింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంతే గదమ్మే" అంది. "ఎంతసేపు పట్టింది?"